నయమైందట!

గడచిన మార్చి 24న బందరులో ఒక క్షయ నివారణ సభ జరిగింది. 1882లో అదే తేదీన బెర్లినులో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనిపెట్టినట్టు ప్రకటించాడు గనుక ఆనాడు ప్రపంచమంతటా సభలు జరుగుతాయి. వైద్యం తెలియకపోయినా తెలుగు చెప్పుకునేవాణ్ణి కనుక, వందన సమర్పణకు ముందు నాలుగు మంచి మాటలు చెప్పటానికి నన్నూ పిలిచారు. నాకు ముందు మాట్లాడిన పెద్దమనిషి ఒక పట్టిక చూపించాడు. అందులో మూడు గళ్ళు వున్నాయి: ఇంతమందికి జబ్బు కనిపెట్టాం, ఇంతమందికి మందులు ఇచ్చాం, ఇంతమందికి నయమైంది. సభ చప్పట్లు కొట్టింది. తరవాత ఒక యువకవి లేచి, సమాజానికి పట్టిన క్షయను గురించి ఆవేశంగా ఒక గేయం చదివాడు. దానికీ చప్పట్లు కొట్టాం. నేను నా నాలుగు మంచి మాటలూ చెప్పి, టీ తాగి, ఇంటికి వచ్చాను.

ఇంటికి వచ్చాక సిగ్గు వేసింది. ఆ మూడో గడిలో లెక్కకెక్కిన మనిషి ఒకడు, మేము చప్పట్లు కొడుతున్న వేళకు, దివిసీమలో నాగాయలంక దాపున ఒక పల్లెలో మంచం మీద కూర్చుని, మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి, ఒక్కొక్క ఊపిరీ లాగుతున్నాడు. ఆయన మా మేనమామ. 2007లో ఆయనకు నయమైంది.

ఈ వ్యాసం ఆ మూడో గడి మీద నా ఫిర్యాదు. ప్రభుత్వాల మీద ఎంత ఫిర్యాదో, అభ్యుదయ రచయితలమని చెప్పుకునే మన మీద అంతకు తక్కువ కాదు. మృదువుగా చెప్పే విద్య నాకు రాదని ముందే మనవి చేసుకుంటున్నాను.

1

మాటతో మొదలుపెడతాను, అది నా వృత్తి కనుక. తెలుగులో 'నయం' అనే మాటకు రెండు వాడుకలు వున్నాయి. "జ్వరం నయమైంది" అన్నప్పుడు జబ్బు పోయిందని అర్థం. "దానికంటే ఇదే నయం" అన్నప్పుడు మేలని అర్థం. రెండో వాడుక పోల్చి చెప్పేది. దేనికంటే నయమో చెప్పకపోతే ఆ వాక్యం పూర్తి కాదు. పట్టికలో రాసిన 'నయం' మొదటిది. మా మామయ్య అనుభవంలో వున్నది రెండోది: చావుకంటే నయం. పట్టిక రాసినవాడు పోలికను మింగేసి మాటను మాత్రం మిగుల్చుకున్నాడు.

క్షయ నివారణ కార్యక్రమంలో ఈ మాటకు ఒక నిర్వచనం వుంది. చికిత్స చివర తెమడ పరీక్షలో క్రిమి కనబడకపోతే నయమైనట్టు. పరీక్ష జరగకపోయినా మందులన్నీ మింగితే చికిత్స పూర్తయినట్టు. ఈ రెండూ కూడితే విజయం. ఈ లెక్క అబద్ధమని నేను అనను. క్రిమి పోయిన మనిషి ఇంకొకరికి జబ్బు అంటించడు. అది సామాన్యమైన లాభం కాదు. కాని అది క్రిమి లెక్క. ఆ లెక్కలో మనిషి ఎక్కడ వున్నాడు? ఆయన వల్ల మనకు ప్రమాదం లేదని తేలగానే ఫైలు మూసేస్తున్నాం. ఆయనకున్న ప్రమాదం మనకు పట్టలేదు.

క్రిమి పోయాక మిగిలేదేమిటో చూడండి. క్షయ ఊపిరితిత్తిని తిని గుల్ల చేస్తుంది. మందుతో క్రిమి చచ్చినా ఆ గుల్లలు పూడవు. పుండు మానిన చోట చర్మం బిగిసినట్టు, లోపల మచ్చ కట్టి తిత్తి ముడుచుకుపోతుంది. చుట్టూ వున్న పొర మందమై గట్టిపడుతుంది. పక్కటెముకలు లోపలికి లాగబడి ఛాతీ ఒక పక్కకు కుంగుతుంది. బిగిసిన తిత్తిని ప్రతి ఊపిరికీ సాగదీయటానికి కండరాలు మామూలుకు రెండింతలు, మూడింతలు పని చేయవలసివస్తుంది. కూలివాడైనా రాత్రి నడుము వాలుస్తాడు; ఈ కండరాలకు ఆ వీలు లేదు. అలసిన కండరాలు నిద్రలో మరీ సడలుతాయి, ఊపిరి పైపైనే ఆడుతుంది, పాత పాఠ్యపుస్తకాలు బొగ్గుపులుసు వాయువు అని పిలిచిన కార్బన్ డయాక్సైడు రక్తంలో పేరుకుంటుంది. తెల్లవారితే తలపోటు. పగలంతా మగత. కొన్నాళ్ళకు గుండె కుడిభాగం కూడా అలసి కాళ్ళు వాస్తాయి. ఇది ఏళ్ళ తరబడి నెమ్మదిగా జరిగే పని.

మా మామయ్యకు మొదటిసారి 1996లో క్షయ వచ్చింది. కౌలు రైతు. మందు మొదలుపెట్టిన రెండు నెలలకు దగ్గు తగ్గింది, ఊడ్పులు వచ్చాయి, మందు మానేశాడు. 2006లో తిరగబెట్టింది. ఈసారి చివరిదాకా మింగాడు, నయమైంది. ఆ తరవాత పదిహేనేళ్ళపాటు ఆయన ఆయాసానికి రకరకాల పేర్లు వచ్చాయి: వయసన్నారు, బీడీలన్నారు, ఉబ్బసమన్నారు. పొద్దున్నే తల పట్టుకుని కూర్చుంటే అమృతాంజనం రాసుకోమన్నారు. పట్టపగలు అరుగు మీద కునుకు తీస్తుంటే సోమరివాడన్నారు. అన్నవాళ్ళలో నేనూ వున్నాను. 2022లో కాళ్ళు వాచి మాట తడబడుతుంటే విజయవాడ తీసుకువెళ్ళాం. అక్కడ ఒక డాక్టరు మణికట్టు దగ్గర ధమని నుంచి కాస్త రక్తం తీసి పరీక్ష చేయించాడు. నలభై వుండవలసిన చోట డెబ్బై రెండు వుంది. "ఈయన నిద్రలో కొంచెం కొంచెంగా మునిగిపోతున్నాడు" అన్నాడు.

మునగటమంటే ఏమిటో మా మామయ్యకు ఒకరు చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో చెట్టు పట్టుకుని బతికిన మనిషి. ఆ ఉప్పెన మీద మనం కవితలు రాశాం, కథలు రాశాం, రాయవలసిందే. కాని అది ఒక రాత్రి వచ్చి పోయింది. ఇది రాత్రి రాత్రికీ వస్తుంది. దీని మీద ఎవరు రాశారు?

2

దీనికి ఉపాయం లేదా? వున్నది. దాన్ని మా ఊళ్ళో 'గాలి మిషను' అంటారు, డాక్టర్లు బైపాప్ అంటారు. గొంతు కోయటం, గొట్టం దించటం ఏమీ లేదు. ముక్కుకీ నోటికీ మాస్కు బిగించుకుని రాత్రి పడుకోవాలి. మనిషి ఊపిరి తీసుకోబోయినప్పుడు యంత్రం పసిగట్టి ఎక్కువ ఒత్తిడితో గాలి లోపలికి తోస్తుంది. వదిలేటప్పుడు ఒత్తిడి తగ్గిస్తుంది. రాత్రి ఏడెనిమిది గంటలు కండరాలకు విశ్రాంతి దొరుకుతుంది, పేరుకున్న వాయువు బయటికి పోతుంది, పగలు మనిషి తన ఊపిరి తాను తీసుకోగలుగుతాడు.

మొదటి రాత్రి మా మామయ్య ఆ మాస్కు లాగి అవతల పారేశాడు. "ఇదేంట్రా అబ్బాయ్, ఎద్దుకి చిక్కం కట్టినట్టు!" అన్నాడు. ముక్కు దూలం మీద పుండు పడింది. మీసాల పక్కనుంచి గాలి పోతున్నదంటే, యాభై ఏళ్ళ మీసం తీయించుకున్నాడు. మూడు వారాలకు పొద్దుటి తలపోటు పోయింది. రెండు నెలలకు కాళ్ళ వాపు తీసింది. ఇప్పటికీ పొలం పని చేయలేడు, నాలుగు మాటలకొకసారి ఆగుతాడు, ఎండ ముదిరితే మంచం దిగడు. కాని పొద్దున్నే కాలవగట్టు దాకా నడిచి వస్తాడు, పేపరు చదువుతాడు, నాతో రాజకీయాల మీద పోట్లాడతాడు. నయమంటే ఏమిటో నాకు ఆయన గట్టు మీద నడుస్తుంటే తెలిసింది.

ఆ మిషను వెల? రకాన్ని బట్టి నలభై వేల నుంచి లక్ష దాకా. మేనల్లుళ్ళం నలుగురం చందాలు వేసుకుని కొన్నాం. నలుగురికీ నెలజీతాలు వున్నాయి కనుక సాధ్యమైంది. ఆయన ప్రాణం మా జీతాల మీద ఆధారపడివుంది. అంటే ఆయన అదృష్టం మీద. వైద్యం అదృష్టం మీద ఆధారపడితే దాన్ని వైద్యమనాలా, దానమనాలా?

అదృష్టం లేనివారి సంగతి గుడివాడలో చూశాను. నా పూర్వ విద్యార్థి ఒకడి తల్లి, బియ్యం మిల్లు కూలీ. ఆమెకూ క్షయ వచ్చింది, ఆమెకూ నయమైంది, ఆమెకూ ఆయాసం మిగిలింది. 2021లో ప్రాణవాయువు కోసం దేశమంతా వీధుల్లో పరుగెత్తిన తరవాత పాత ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్లు చవకగా దొరికాయి. కొడుకు అప్పుచేసి ఒకటి తెచ్చాడు. తల్లి మత్తుగా వుంటే గాలి చాలటం లేదని మర తిప్పి పెంచాడు. ఇంకా మత్తుగా వుంటే ఇంకా పెంచాడు. ఇటువంటి రోగికి లోటు ప్రాణవాయువు ఒక్కటే కాదు. లోపలి చెడుగాలి బయటికి పోకపోవటం అసలు లోటు. కొలత లేకుండా ప్రాణవాయువు పోస్తే ఆ చెడుగాలి మరింత పేరుకుని మనిషి స్పృహ తప్పవచ్చు. ఆ సంగతి ఆ కుర్రవాడికి ఎవరూ చెప్పలేదు. "ప్రాణవాయువు ఎక్కువైతే ప్రాణం పోతుందా మేస్టారూ?" అని నన్ను అడిగాడు. బీయే తెలుగు చదువుకున్నవాడు. ఆ ప్రశ్నలోని మాట తనకు వినపడుతూనే వుంది.

ఆమెను ఆసుపత్రిలో చేర్చారు. అక్కడ ఇదే మాస్కు పెట్టారు. నాలుగు రోజుల్లో లేచి కూర్చుంది. ఇంటికి పంపారు, మిషను లేకుండా. ఆసుపత్రి మంచానికి పథకం డబ్బు కడుతుందట, ఇంట్లో పెట్టుకునే మిషనుకు కట్టదట. మూడు నెలలకు మళ్ళీ చేర్చారు, మళ్ళీ లేచింది, మళ్ళీ పంపారు. మూడోసారి అంబులెన్సు విజయవాడ చేరలేదు. ఆ రెండుసార్లూ ఆసుపత్రికి చెల్లిన సొమ్ముతో ఇంటికి మిషను వచ్చివుండేదని నా అంచనా. పట్టికలో ఆమె ఇప్పటికీ మూడో గడిలోనే వుంది. నయమైనవారిని ఆ గడి నుంచి ఎవరూ తీసివేయరు, వారు చచ్చిపోయినా సరే.

3

ఇదంతా నిన్నమొన్నటి వింత కాదు. 1952లో కోపెన్‌హేగెన్ నగరంలో పోలియో చెలరేగింది. ఊపిరి కండరాలు చచ్చుబడిన మొదటి 31 మందిలో 27 మంది మరణించారు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తువైద్యుడు గొంతులో గొట్టం పెట్టి రబ్బరు సంచీతో చేత్తో గాలి కొట్టవచ్చునన్నాడు. కొట్టటానికి చేతులు కావాలి. సుమారు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులు వేసుకుని, రేయింబవళ్ళు, నెలల తరబడి ఆ సంచులు నొక్కారు. మరణాలు బాగా తగ్గాయి. ఈనాటి వెంటిలేటరు వెనక ఆ విద్యార్థుల చేతులు వున్నాయి. విద్యార్థులను ఉద్దేశించిన పత్రిక కనుక ఈ సంగతి ప్రత్యేకంగా జ్ఞాపకం చేస్తున్నాను.

ఆ యంత్రం తరవాత ఆసుపత్రి దాటి ఇంటికి వచ్చింది. జపానులో ఇంటి దగ్గర ఇటువంటి యంత్రం వాడేవారిలో క్షయ మిగిల్చిన రోగులు ఒక ముఖ్యమైన వర్గం. క్షయ వల్ల ఛాతీ వంకరపోయి ఊపిరి చాలనివారికి, ఒక్క ప్రాణవాయువే ఇచ్చినవారికంటే ఇంట్లో యంత్రం ఇచ్చినవారు ఎక్కువకాలం బతికారని 2008లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. క్షయ ఎప్పుడో వెనకపట్టిన దేశాలు తమ ముసలి రోగుల కోసం ఇది నేర్చుకున్నాయి. ప్రపంచ క్షయ రోగుల్లో సుమారు నాలుగోవంతు వున్న మన దేశం ఎందుకు నేర్చుకోలేదు? 2025 నాటికి క్షయను అంతం చేస్తామని 2018లో ప్రకటించారు. 2025 గడిచిపోయింది. అంతం కాని జబ్బును గురించే ఇంత తొట్రుపాటు వున్నప్పుడు, అంతమైన తరవాత మిగిలే మనిషిని గురించి ఎవరు ఆలోచిస్తారు?

నిజానికి ఇంటి దగ్గర వైద్యమనే పాఠం ప్రపంచానికి నేర్పింది మన దక్షిణాదే. ఒకనాడు క్షయ అంటే మదనపల్లి దగ్గర ఆరోగ్యవరం వంటి శానిటోరియానికి పోవటమే; పోగలిగిన వాడు పోయేవాడు, పోలేనివాడు పోయేవాడు కాదు, లోకం నుంచే పోయేవాడు. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన, ఇరుకిళ్ళలో అరకొర తిండి తినే పేదలకు ఇంట్లోనే మందు ఇచ్చి చూసింది. ఫలితాలు 1959లో వచ్చాయి: శానిటోరియంలో వున్నవారికి ఎంత గుణమిచ్చిందో వీరికీ దాదాపు అంతే ఇచ్చింది. పేదవాడి ఇల్లు వైద్యానికి పనికిరాదనే అహంకారం ఆనాడే ఓడిపోయింది. మందుబిళ్ళ ఇంటికి వెళ్ళినప్పుడు మిషను ఎందుకు వెళ్ళకూడదు?

చట్టం సంగతి మరీ విచిత్రం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాల పట్టిక వున్నది. అందులో ఒకటి "కుష్ఠు నయమైన వ్యక్తి". చూశారా! జబ్బు నయమైనా మనిషి నయం కాకపోవచ్చునని, క్రిమి పోయినా చేతివేళ్ళ స్పర్శ తిరిగి రాదని చట్టానికి తెలుసు. కుష్ఠు విషయంలో తెలిసిన సత్యం క్షయ విషయంలో ఎందుకు తెలియదు? రెండూ ఒకే జాతి క్రిముల పని. ఒకటి వేళ్ళు తింటుంది, రెండోది ఊపిరి తింటుంది. వేళ్ళు పైకి కనపడతాయి, ఊపిరి కనపడదు, తేడా అంతేనా?

యంత్రానికి కట్టుబడిన జీవితమంటే ఏమిటో మన రాష్ట్ర ప్రభుత్వానికీ తెలియకపోలేదు. డయాలిసిస్ మీద బతికే మూత్రపిండాల రోగికి 2019 నుంచి నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. మంచి పని, సంతోషం. ఆ పట్టికలో క్షయ కాల్చిన ఊపిరితిత్తులకు గడి లేదు. క్షయరోగికి పోషణ కోసం 2018 నుంచి నెలకు 500, 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలు ఇస్తున్నారు. చికిత్స ముగిసిననాడు అదీ ముగుస్తుంది. డబ్బు లేదంటారా? 2020లో పీఎం కేర్స్ నిధి నుంచి యాభై వేల వెంటిలేటర్లకు రెండు వేల కోట్లు కేటాయించారు. ఆ జబ్బు బంగళాలోకీ వస్తుంది కనుక డబ్బు దొరికింది. ఈ జబ్బు బంగళా మెట్లు ఎక్కటం అరుదు.

4

ఇక మన శిబిరం సంగతి. ఈ విషయం సాహిత్యమిత్రుల దగ్గర ప్రస్తావించినప్పుడు నాకు మూడు జవాబులు వచ్చాయి.

మొదటి మిత్రుడు సిద్ధాంతవేత్త. "క్షయకు మూలం ఆకలి, ఇరుకిల్లు, దోపిడీ. మూలం వదిలి మిషన్ల వెంట పడటం సంస్కరణవాదం" అన్నాడు. మూలం గురించి ఆయన చెప్పింది అక్షరాలా నిజం. రోగి కుటుంబానికి చాలినన్ని తిండిగింజలు ఇస్తే ఆ ఇంట్లో మరొకరికి క్షయ రావటం సుమారు 40 శాతం తగ్గిందని జార్ఖండ్‌లో జరిగిన పరిశోధన 2023లో తేల్చింది. తిండి కావాలి, గాలాడే ఇల్లు కావాలి, భూమి కావాలి. అందులో నాకు తగాదా లేదు. కాని ఇప్పటికే ఊపిరి పోగొట్టుకున్నవాడి మాట ఏమిటి? వ్యవస్థ మారేదాకా ఊపిరి బిగబట్టుకోమందామా? ఎనిమిది గంటల పనిదినం కూడా సంస్కరణే. దానికోసం మన పూర్వులు ప్రాణాలిచ్చారు. ఈనాటి పీడితుణ్ణి రేపటి వర్గరహిత సమాజం పేరు చెప్పి వదిలేసేది మార్క్సిజం కాదు, వేదాంతం. కర్మ అనే చోట చరిత్ర అన్నంత మాత్రాన వేదాంతం మారదు.

రెండో మిత్రుడు వ్యవహారజ్ఞుడు. "పల్లెటూళ్ళలో మిషన్లు ఎవరు చూస్తారండీ? కరెంటు వుండదు, మాస్కు కడగటం రాదు, నెలకే మూలన పడేస్తారు" అన్నాడు. ఈయనను నేను నాగాయలంక తీసుకుపోదామనుకుంటున్నాను. దివిసీమ చివర ఎటు చూసినా రొయ్యల చెరువులు. చీకటి పడితే ఆ చెరువుల్లో ఏరియేటర్ల చక్రాలు తిరగటం మొదలుపెడతాయి. తెల్లవార్లూ నీటిని చిలికి గాలి కలుపుతాయి. ఎందుకు? రాత్రిపూట నీటిలో ప్రాణవాయువు తగ్గితే రొయ్య చస్తుంది. కరెంటు పోయిందా, గట్టు మీద పడుకున్న కావలివాడు పరుగెత్తి జనరేటరు తిప్పుతాడు. ఆ చెరువులకు యూనిట్టు రూపాయిన్నర చొప్పున రాయితీ కరెంటు ఇచ్చే విధానం 2019లో వచ్చింది.

మా మామయ్య ఇంటి పెరట్లో నిలబడితే ఆ చక్రాల చప్పుడు వినిపిస్తుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన రాత్రి ఆయన ఇంట్లో కరెంటు పోయింది. ఇన్వర్టరు నాలుగు గంటలు వచ్చింది. తరవాత ఆయన మాస్కు తీసి కుర్చీలో కూర్చుని తెల్లవార్లూ మేలుకున్నాడు. నిద్రపోతే మునిగిపోతానని ఆయనకు తెలుసు. ఆ గాలివాన సద్దు మధ్య ఎక్కడో చెరువు గట్టు మీద జనరేటరు మోగుతూనే వున్నదట. "రొయ్యకి పెట్టుబడుందిరా అబ్బాయ్" అన్నాడు నాతో. రొయ్యల రైతు మీద ఆయనకు గాని నాకు గాని కోపం లేదు. ఆ రైతూ అప్పుల్లోనే వున్నాడు. రాత్రంతా గాలి ఆడించటం, కరెంటు పోతే మరోదారి చూడటం, మర పాడైతే విప్పి బాగుచేసుకోవటం ఈ పల్లెలకు వచ్చు. రానిదల్లా, మనిషికి కూడా ఆ ఏర్పాటు వుండాలని అడగటం. అడగటం నేర్పవలసింది ఎవరు?

మూడో మిత్రుడు కవి. "ఇది వైద్యుల విషయం, రచయితకేం పని?" అన్నాడు. ఈ జవాబు నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఎందుకంటే రచయితలకు క్షయతో పని లేదని ఎవరనగలరు? చెహోవ్ 1904లో ఈ జబ్బుతోనే పోయాడు. లూ సున్ 1936లో. బెంగాలీ కవి సుకాంత భట్టాచార్య 1947లో, ఇంకా ఇరవై ఒకటి నిండకుండా. మన కొంపెల్ల జనార్దనరావు 1937లో. 'మహాప్రస్థానం' ఆయనకు అంకితమైన సంగతి ఎరుగని తెలుగు విద్యార్థి వుండడు. క్షయను మనం ఎరుగుదుం. కాని ఎలా ఎరుగుదుం? చావుగా ఎరుగుదుం. కథలో నాయకుడు దగ్గుతాడు, రుమాలు మీద రక్తపు చుక్క పడుతుంది, ఆఖరి పేజీలో పోతాడు. పాఠకుడు కన్నీళ్ళు పెడతాడు. చావు రచయితకు సులువైన ముగింపు. నయమైనవాడు ముగింపు ఇవ్వడు. ఇరవై ఏళ్ళు మంచం మీద కూర్చుని ఊపిరి లాగుతూ వుంటాడు. అతనితో ఏం చేయాలో మన కథకు తెలియదు, అధికారి పట్టికకు తెలియనట్టే. ఇద్దరమూ ఒకే చోట పుస్తకం మూసేస్తున్నాం.

ఇక కవిత్వంలో క్షయ ఉపమానమైపోయింది. దోపిడీ క్షయ, అవినీతి క్షయ, మతోన్మాదం క్షయ. చెడ్డదానికల్లా ఆ పేరు పెట్టినప్పుడు, ఆ జబ్బు ఒంట్లో వున్నవాడు తనను తాను ఏమనుకోవాలో మనం ఆలోచించామా? ఊపిరి కూడా అంతే. మన పద్యాల్లో ఊపిరి అంటే ఆశయం, ఊపిరి అంటే స్వేచ్ఛ, ఊపిరి అంటే ఉద్యమం. ఊపిరి అంటే పక్కటెముకల మధ్య కండరం; ఊపిరి అంటే మణికట్టు రక్తంలో ఒక అంకె; ఊపిరి అంటే కరెంటు బిల్లు. భౌతికవాదులమని చెప్పుకునే మనం ఊపిరి దగ్గరికి వచ్చేసరికి భావవాదులమైపోతున్నాం. 1943లో తెనాలిలో తొలి మహాసభ జరుపుకున్న సంఘం మనది. సాహిత్యాన్ని గాలిలోంచి నేలమీదికి దించుతామన్నవాళ్ళం, గాలిని కూడా నేలమీదనుంచి చూడటం నేర్చుకోవలసివుంది.

5

విమర్శించి ఊరుకుంటే అది సగం పని. నేను కోరేవి ఇవి.

ఒకటి. క్షయ చికిత్స ముగిసిననాడు తెమడతోపాటు మనిషిని కూడా పరీక్షించాలి. ఎంత గాలి వదలగలుగుతున్నాడు, ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడుస్తున్నాడు, వేలికి పెట్టే మీటరు ఏమంటున్నది చూడాలి. తలపోటు, మగత, కాళ్ళ వాపు వున్నవారికి ధమని రక్తంలో వాయువుల పరీక్ష చేయాలి. క్షయ మిగిల్చే ఊపిరితిత్తుల జబ్బును ఎలా పరీక్షించాలో, ఎలా చూసుకోవాలో అంతర్జాతీయ నిపుణులు 2021లోనే ప్రమాణాలు రాసిపెట్టారు. చదివేవారు కావాలి.

రెండు. బందరులో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తున్నది. అక్కడ ఒక మిషన్ల బ్యాంకు పెట్టాలి. అవసరమైనవాడు తీసుకుపోవాలి, అక్కర తీరాక తిరిగి రావాలి, మరొకరికి పోవాలి. మాస్కు కొలత చూడటానికి, ఒత్తిడి సరిచేయటానికి నెలకొకరోజు ఆ కళాశాలవారు గుడివాడ, అవనిగడ్డ ప్రభుత్వాసుపత్రులకు రావాలి. ఈ ఊళ్ళో బ్యాంకు అనే మాటకు చరిత్ర వుంది. 1923లో ఇక్కడే వైద్యుడైన భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు పెట్టాడు. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయి పేరు కూడా మిగలలేదు. రూపాయల బ్యాంకు పోయిన ఊరికి ఊపిరి బ్యాంకు రానివ్వండి.

మూడు. ఈ యంత్రం వున్న ఇంటికి కరెంటు రాయితీ, ఇన్వర్టరు ఇవ్వాలి. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు గర్భిణులను ముందుగా ఆసుపత్రికి చేర్చినట్టే వీరినీ చేర్చాలి.

నాలుగు. 2016 చట్టం పట్టికలో "క్షయ నయమైన వ్యక్తి" చేరాలి. డయాలిసిస్ రోగికి వున్న పింఛను ఆయనకూ రావాలి.

ఇవి సాధించటం రచయితల పని కాదనేవారికి కోపెన్‌హేగెన్ విద్యార్థులను చూపిస్తాను. వారిని ఎవరూ సంచీ నొక్కమని శాసించలేదు. మన కళాశాలల్లో జాతీయ సేవా పథకం కింద రోడ్లు వూడ్చే కుర్రవాళ్ళు వున్నారు. ఒక సెలవులో బందరు, గుడివాడ, దివిసీమ పల్లెలు పంచుకుని, నయమైనవారి ఇళ్ళకు వెళ్ళి, "రాత్రి పడుకుని నిద్రపోతున్నారా, కూర్చునా?" అనే ఒక్క ప్రశ్న అడిగి రాసుకొస్తే, ఈ జిల్లాలో ఎవరూ తీయని లెక్క తయారవుతుంది. మా సాహిత్య విద్యార్థులు ఆ ఇళ్ళలో విన్న మాటలు కూడా రాసుకొస్తే, తెలుగులో ఎవరూ రాయని కథలు తయారవుతాయి. ఈ వేసవికి మా విద్యార్థులతో నాగాయలంక నుంచి నేను మొదలుపెడుతున్నాను. తక్కిన కళాశాలల మిత్రులు తమ మండలం పేరు చెబితే చాలు.

వచ్చే మార్చి 24న మళ్ళీ సభ జరుగుతుంది. మళ్ళీ ఆ పట్టిక వస్తుంది. చప్పట్లు కొట్టేముందు మనలో ఒకరు లేచి, మూడో గడి పక్కన నాలుగో గడి ఏదని అడగాలి. ఆ గడి మీద రాయవలసింది ఎక్కువేమీ లేదు: "ఊపిరి ఆడుతున్నదా?"